తెగిన తీగ చూపించిన వేడి

నీళ్ళతో చల్లబడే కంప్యూటర్లు తయారుచేస్తానని చెప్తే చాలామంది నన్ను ఎగాదిగా చూస్తారు. "కరెంటు పక్కన నీళ్ళేమిటయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నావా?" అంటారు. మతి ఉంది. ఆ ఆదివారం వరకూ కాస్త ధైర్యం కూడా ఉండేది.

మధ్యాహ్నం మూడు దాటింది. బయట పొద్దున్నుంచీ వాన. షట్టరు పూర్తిగా దించేసి షాపు వెనక గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆ గదికి కిటికీ లేదు. ఒక పొడుగాటి బల్ల, దాని పైన ట్యూబులైటు, గోడ కొక్కేలకి వేలాడే ప్లాస్టిక్ గొట్టాలు, మూలలో పైకి వెళ్ళే మెట్లు. మెట్లెక్కితే మా అక్క ఇల్లు. బల్ల మీదున్నది ఇళ్ళ ప్లాన్లు గీసే ఒకావిడ చేయించుకుంటున్న కొత్త మిషన్. సోమవారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానని ఆవిడ అప్పటికి మూడుసార్లు ఫోన్ చేసి నా బుర్ర తినేసింది.

మా పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కంప్యూటర్‌కి మెదడు లాంటి ప్రాసెసర్ పని చేస్తున్నకొద్దీ కాలిపోతూ ఉంటుంది. దాని నెత్తిన ఒక రాగి పలక బిగిస్తాం. పంపు నీళ్ళని ఆ పలకలోంచి తోస్తుంది. వేడెక్కిన నీళ్ళు రేడియేటర్‌లోకి పోయి, ఫ్యాన్ల గాలికి చల్లారి, నీళ్ళ డబ్బాలోకి వచ్చి, మళ్ళీ బయల్దేరతాయి. ఆ దారిలో వేడి చూసే సెన్సార్లు ఎక్కడెక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకు. పలక దాటిన వెంటనే ఒకటి, వేడి నీళ్ళకి. రేడియేటర్ దాటాక ఒకటి, చల్లారిన నీళ్ళకి. ఫ్యాను లోపలికి పీల్చే గాలికి ఇంకొకటి, గది ఎంత వేడిగా ఉందో తెలియడానికి. తప్పు చోట పెట్టిన సెన్సార్ నీకు అబద్ధం చెప్తూనే ఉంటుంది, నువ్వు నమ్ముతూనే ఉంటావు. ఈ మాట నాది కాదు, మా బావది.

బావంటే మా అక్క మొగుడు. ఈ షాపు ఆయనా నేనూ కలిసి పెట్టాం. నాకన్నా పదేళ్ళు పెద్ద, నాకన్నా వంద రెట్లు నిదానం. ఒక్క మర బిగించడానికి ఆయన తీసుకునే టైములో నేను టీ తాగి వచ్చేవాణ్ణి. నాకు "తొందరబాబు" అని పేరు పెట్టాడు. ఆ పేరుతో నన్ను పిలిచింది ఆయనొక్కడే, అదీ ఈ గదిలో, మేమిద్దరమే ఉన్నప్పుడు.

ఆయనకో అలవాటుండేది. ఏ సెన్సార్ వచ్చినా మిషన్‌కి బిగించే ముందు గుప్పిట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "మన ఒంటి వేడే చూపించలేనిది మిషన్ వేడి ఏం చూపిస్తుందిరా" అనేవాడు. అంకె గబగబా ఎక్కి, నెమ్మదించి, ఒక చోట ఆగేది. ఆయన గుప్పిట్లో ఎప్పుడూ 35.8 దగ్గరే. నా గుప్పిట్లో 34.2. "నీ చేతులు కూడా సగం పనే చేస్తాయిరా" అని నవ్వేవాడు. పన్నెండేళ్ళలో ఆ అంకెలు మారినట్టు నాకు గుర్తు లేదు.

ఎనిమిది నెలల కిందట ఆ గదిలోనే పోయాడు.

ఒక మిషన్‌కి చల్లటి వైపూ గాలికీ సెన్సార్లు ఆయన పెట్టేశాడు. వేడి వైపుది మాత్రం నాకిచ్చి, "పలక పక్కనే పెట్టరా, చోటు ఇరుకు, కాస్త ఓపిగ్గా బిగించు" అని చెప్పి పైకి వెళ్ళాడు. నాకు ఓపిక ఎక్కడేడిసింది? నీళ్ళ డబ్బా అడుగున ఖాళీ రంధ్రం ఉంటే అక్కడ బిగించేసి, మిషన్ మీద బరువైన పని పెట్టి, పరీక్ష నడుస్తుండగానే భోజనానికి వెళ్ళిపోయాను. నేనటు వెళ్ళగానే పంపు ఆగిపోయింది. నీళ్ళు కదలకపోతే పలక దగ్గర మరిగిపోతాయి, డబ్బాలో మాత్రం చల్లగానే ఉంటాయి. అలారం మోగలేదు. బావ కిందికి వచ్చేసరికి పలక దగ్గర ఆవిర్లు. స్క్రీన్ మీద చూస్తే ఇరవై తొమ్మిది. మిషన్ ఆపాడు. సెన్సార్ పాడైందేమోనని, అలవాటు కొద్దీ, గుప్పిట్లో పెట్టి చూద్దామని విప్పాడు. అది డబ్బా అడుగున ఉంది కదా... నీళ్ళన్నీ కిందికి వచ్చేశాయి. నేల మీద కరెంటు బోర్డు ఉంది. దాన్ని ఆయన ఆపలేదు. కాళ్ళకి చెప్పుల్లేవు.

నేను వచ్చేసరికి అయిపోయింది. కుడిచెయ్యి గుప్పిట బిగుసుకుపోయి ఉంది, లోపల సెన్సార్. డాక్టర్ గారు కూడా ఆ వేళ్ళు విప్పలేకపోయారు. చివరికి నేనే కట్టర్ తీసుకుని తీగ తెంపాను. ఆ సెన్సార్ ఆయనతోనే పోయింది.

అందరూ అడిగారు, అంత జాగ్రత్త మనిషి సెన్సార్‌ని అక్కడెందుకు పెట్టాడని. నా నోట్లోంచి ఒక్క మాట జారింది. "ఏమో, బావే పెట్టాడు" అన్నాను. అంతే. ఇక వెనక్కి తీసుకోలేకపోయాను. అక్క అది నమ్మింది. కూతురు నాన్న గురించి అడిగినప్పుడల్లా, "మీ నాన్న ఆ ఒక్కరోజు పొరబడ్డాడే" అని కళ్ళు తుడుచుకునేది. పక్క గదిలో కూర్చుని నేను వినేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, కానీ నోరు మాత్రం పెగిలేది కాదు.

సరే, ఆ ఆదివారం సంగతికొస్తాను.

సెన్సార్ల తీగలన్నీ వచ్చి కలిసే చిన్న డబ్బా ఒకటుంటుంది, కంట్రోలర్ అంటాం. దాని మీద అరచేయంత స్క్రీన్, నాలుగు వరసలు, వరసకో రంధ్రం. ఏ వరసకి సెన్సార్ తగిలిస్తే ఆ వరసలో అంకె వస్తుంది, లేకపోతే రెండు గీతలు. కొత్తది ఇంకా రాలేదు. ఆవిడేమో రేపు పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. అలమర పైఅరలో పాత కంట్రోలర్ ఉంది, బావ పోయిన రోజుది. దాన్ని దించాను. మూడో రంధ్రంలో నేను తెంపిన తీగ ముక్క ఇంకా అలాగే ఉంది, బొటనవేలంత. పట్టకారుతో లాగాను. రాలేదు. పోనీలే, నాలుగింట్లో మూడు చాలు కదా అని వదిలేశాను. ఏడ్చినట్టే ఉంది నా తొందర, అప్పటికీ బుద్ధి రాలేదు.

మిగతా మూడు రంధ్రాల్లో సెన్సార్లు తగిలించాను. ఇంకా నీళ్ళు పొయ్యలేదు. స్విచ్ వేశాను. మొదటి వరస 27.1. రెండోది 27.0. మూడో దాంట్లో రెండు గీతలు. నాలుగోది 27.2. గది వేడి అంతే, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పైనుంచి దగ్గు వినిపించింది. అక్క కూతురికి రెండ్రోజులుగా జ్వరం. ఆరేళ్ళది, నిమిషం నోరు మూయదు కాబట్టి వాళ్ళ నాన్న దాన్ని పిచ్చుక అనేవాడు. అరగంట కిందటే నేను పైకి వెళ్ళి చూసి వచ్చాను, ముప్పై తొమ్మిది దాటింది. మా ఇంట్లో ఒంటి వేడి కూడా సెన్సార్ లెక్కలోనే, సెంటీగ్రేడ్‌లోనే చూస్తాం, బావ చేసిన అలవాటు. మందు వేశాం. తగ్గకపోతే సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్దామని అనుకున్నాం.

గొట్టం కొలత తీసుకుని తల ఎత్తాను. మూడో వరసలో అంకె ఉంది.

27.4.

తీగకి అవతలి కొస లేదు. తెగిన తీగ గీతలే చూపిస్తుంది, ఇంకోటి చూపించలేదు. తేమ చేరిందేమో అనుకున్నాను. వాన కదా. నోటితో ఊదాను, గుడ్డతో తుడిచాను. చూస్తుండగానే 28. 29. గబగబా ఎక్కుతోంది. 31. 32. తర్వాత నెమ్మదించింది. 33... 33.5... ఆ ఎక్కడం నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళు చూశాను. గుప్పిట్లో పెట్టిన సెన్సారే అలా ఎక్కుతుంది.

నా చేతిలో గొట్టం జారి కింద పడింది.

"ఒరేయ్!" పైనుంచి అక్క కేక. ఉలిక్కిపడ్డాను. "జ్వరం దిగుతోందిరా! ముప్పై ఎనిమిదికి వచ్చింది!"

"హమ్మయ్య" అన్నాను.

34.6. 35. 35.3.

అప్పుడే కరెంటు పోయింది.

గది గాఢాంధకారమైపోయింది. పట్టపగలే, కానీ కిటికీ లేని గది కదా. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుమంది. చీకట్లో ఆ చిన్న స్క్రీన్ ఒక్కటే నీలంగా వెలుగుతోంది. వాన చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. దగ్గర్లో మాత్రం ఇంకో చప్పుడు... గుడగుడమని... పంపులో గాలి ఇరుక్కున్నప్పుడు వచ్చేది. మిషన్‌లో చుక్క నీరు లేదు. పంపుకి ఇంకా కరెంటే కలపలేదు. దానికి తోడు ఒక వాసన. మేం నీళ్ళల్లో కలిపే మందు వేడెక్కితే వచ్చే తియ్యటి వాసన, దాని వెనకే ఏదో కాలిన కంపు. ఆ వాసన ఎనిమిది నెలల కిందట ఒక్కసారే పీల్చాను.

35.6.

35.7.

35.8.

ఆగింది.

"బావా..." అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

గుడగుడ ఆగింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంకరంగా ఉంది. ఎవరో ఊపిరి బిగబట్టి నా మాట కోసం చూస్తున్నట్టుంది.

పైన అక్క నవ్వుతోంది. "ముప్పై ఏడు! చెమట పట్టి చల్లబడిందిరా. దేవుడు చల్లగా చూశాడు."

నా కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఆగిన అంకె మళ్ళీ కదిలింది.

35.9. 36.2. 36.8.

బావ గుప్పిట ఎప్పుడూ దాటని అంకెలు అవి. ఎవరి గుప్పిటా అంత వేడెక్కదు, ఒంట్లో జ్వరం ఉంటే తప్ప. అప్పుడు... అప్పుడు తట్టింది నాకు. ఆ వేడి ఎవరిదో తట్టింది.

"అక్కా!" అని అరిచాను. "మళ్ళీ చూడు! థర్మామీటర్ మళ్ళీ పెట్టు!"

మళ్ళీ అక్క గొంతు, ఈసారి నవ్వు లేదు. "ముప్పై ఐదున్నర చూపిస్తోందేమిట్రా... ఇది పాడైందా?"

పాడవలేదు. ఇక్కడ 37.9.

బల్ల కిందికి దూరి, తడుముకుని, బ్యాటరీ పెట్టె వైరు పీకేశాను. కీచుమనడం ఆగింది. తల ఎత్తాను. స్క్రీన్ ఆరలేదు. 38.2. కంట్రోలర్‌కి ఉన్న వైర్లన్నీ ఒక్కొక్కటే పీకేశాను. మొదటి వరస గీతలు. రెండోది గీతలు. నాలుగోది గీతలు. మూడోది 38.5. దాన్ని నేలకేసి కొడదామని రెండు చేతులా పట్టుకుని ఎత్తాను.

రాలేదు.

ఏదో పట్టుకుంది. మళ్ళీ లాగాను. ఆ నీలం వెలుగులో చూశాను. బొటనవేలంత తీగ ముక్క, మెత్తగా వేలాడాల్సింది, తాడులా బిగుసుకుని నిలబడి ఉంది. కిందికి చూపిస్తూ. దాని కొస దగ్గర ఏమీ లేదు. కానీ ఆ కొసని ఎవరో గట్టిగా... చాలా గట్టిగా పట్టుకుని ఉన్నారు. కింద, నేల మీద, నేను ఆ రోజు ఆయన్ని చూసిన చోట.

నేను వదిలేశాను. వదలగానే కంట్రోలర్ బల్ల అంచు వరకూ దానంతటదే జరిగింది.

"ఒరేయ్, పైకి రారా! పిల్ల ఒళ్ళు మంచులా అయిపోతోంది! పెదాలు చూడు... రారా!"

మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు. మోకాలు చీరుకుపోయిందని మర్నాడు గానీ తెలియలేదు. పడక గదిలో కిటికీ దగ్గర మంచం, వాన వెలుగు. అక్క పిల్లని ఒళ్ళోకి తీసుకుని దుప్పట్లు కప్పి గుండెకి హత్తుకుంది. పిచ్చుక మొహం పాలిపోయి ఉంది. పెదాలు నీలం. కుడిచెయ్యి దుప్పటి బయటికి చాచి ఉంది, అరచెయ్యి గాలిలో, ఎవరి చేతిలోనో పెట్టినట్టు. అక్క ఆ చేతిని లోపలికి తియ్యాలని చూస్తోంది. రావడం లేదు.

"ముప్పై నాలుగు" అంది అక్క. ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఏం జరుగుతోందిరా? అంబులెన్సుకి చెయ్యి, నిలబడతావేం?"

ఫోన్ తీశాను. తొందరలో అంకెలు తప్పు నొక్కుతున్నాను. పిచ్చుక కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. అది నన్ను ఎప్పుడూ మామయ్యా అనే పిలుస్తుంది.

"తొందరబాబూ" అంది, చాలా మెల్లిగా. "ఎక్కడ పెట్టావ్?"

అక్క ఏమీ అర్థం కానట్టు చూసింది. ఆ పేరు ఆమెకి తెలీదు.

"ఎక్కడ పెట్టావ్ రా..." అని మళ్ళీ. ఆరేళ్ళ పిల్ల గొంతే. నిదానం మాత్రం ఆయనది.

నేను మంచం పక్కన కూలబడ్డాను. చాచి ఉన్న ఆ చిన్న చేతిని నా రెండు గుప్పిళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఐసుముక్కలా ఉంది. ఇంకేదో ఉంది దాని పక్కనే, నా వేళ్ళకి తగులుతోంది, వేడిగా, జ్వరంలో మనిషి చెయ్యిలా. నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"డబ్బా అడుగున పెట్టాను" అన్నాను. "బావ పలక పక్కన పెట్టమన్నాడు. నేనే వినలేదు. అక్కా, ఆ సెన్సార్ అక్కడ పెట్టింది నేను. బావ కాదు. ఆయన ఏ పొరబాటూ చెయ్యలేదు. అబద్ధం చెప్పాను. ఎనిమిది నెలలుగా చెప్తూనే ఉన్నాను. దాన్ని వదిలెయ్ బావా, దానిది కాదు తప్పు... కావాలంటే నాది తీసుకో. నా వేడి తీసుకో."

ఏడుస్తూ ఏమేమి అన్నానో. అంతా అయ్యేసరికి నా వేళ్ళకి తగులుతున్న ఆ వేడి ఒక్కసారి బిగిసింది, నా చేతిని. ఎముకలు నలిగిపోతాయనిపించింది. తర్వాత వదిలేసింది.

పిచ్చుక పెద్దగా ఊపిరి తీసుకుంది. చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది. పది నిమిషాలకి ముప్పై ఆరు, అంబులెన్సు వచ్చేసరికి ముప్పై ఆరున్నర. ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ చూసి, జ్వరం దిగినప్పుడు ఒక్కోసారి ఇలా అవుతుందిలెమ్మని పంపించేసింది. "మామయ్యా, ఆకలి" అంది పిచ్చుక దారిలో. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పిల్లని పడుకోబెట్టి, తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకి చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది. తలుపు వేసుకుంది.

నేను కిందికి వచ్చాను. కరెంటు వచ్చేసింది, ట్యూబులైటు వెలుగుతోంది. కంట్రోలర్ బల్ల మీద ఉంది, ఒక్క వైరు కూడా లేకుండా. తీగ ముక్క మెత్తగా వేలాడుతోంది. స్క్రీన్ మాత్రం ఆరలేదు. మూడో వరసలో 34.2.

నా అంకె.

ఆ రోజు నుంచీ నా గుప్పిట్లో ఏ సెన్సార్ పెట్టినా అంకె కదలదు. పది నిమిషాలు పట్టుకున్నా గది ఎంతుంటే అంతే చూపిస్తుంది. పైకి నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పని చేసుకుంటున్నాను. ప్లాన్లు గీసే ఆవిడ మిషన్ వారం ఆలస్యంగా ఇచ్చాను, సెన్సార్లు ఎక్కడ పెట్టాల్సినవి అక్కడ పెట్టి. ఆవిడ చెయ్యి కలిపి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

పాత కంట్రోలర్‌ని అలమరలో పెట్టలేదు, బల్ల మీదే ఉంచాను. ఎదురుగా ఉంటేనే నయం అనిపించింది. రోజుకొక చుక్క తగ్గుతోంది. 34.1. 34.0. నిన్నటికి 33.3.

అక్క ఇప్పటికీ నాతో మాట్లాడదు. భోజనం పిచ్చుకతో పంపిస్తుంది. కానీ రోజూ మధ్యాహ్నం మూడింటికి మెట్లు దిగి వచ్చి, స్క్రీన్ దగ్గర నిలబడి, ఆ మూడో వరస చూసి వెళ్ళిపోతుంది. దాని సంగతి ఆమెకి నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో తెలీదు.

నిన్న కూడా అలాగే వచ్చింది, చూసింది. మెట్ల దాకా వెళ్ళి ఆగింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది.

"ఈ గదిలో ఎంత ఉంటుందిరా?" అని అడిగింది, చాలా నిదానంగా.

"ఇరవై ఏడు" అన్నాను.

వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, తల ఊపి పైకి వెళ్ళిపోయింది.